తన దావాలో తన మాట తానే చెప్పుకొనే వీలు కల్పించండి: రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులకు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 123వ సెక్షన్ కింద ఏర్పడిన రూల్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారాలు.

కింది కోర్టుల్లో సివిల్ దావాలు నడిపే న్యాయవాదిగా ఈ లేఖ రాస్తున్నాను. నా విజ్ఞప్తి ఒక్కటే. వినలేనివారు, మాట్లాడలేనివారు, అడిగినదాన్ని అందరిలా వెంటనే గ్రహించి బదులు చెప్పలేనివారు వాదిగానో ప్రతివాదిగానో కోర్టుకు వచ్చినప్పుడు, కోర్టులో జరిగేది తాము అర్థం చేసుకోవడానికీ, తమ మాట కోర్టుకు అర్థమయ్యేలా చెప్పడానికీ కావలసిన సహాయం అడుక్కొనే అవసరం లేకుండా హక్కుగా అందేలా సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో ఒక ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చండి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ రూల్స్ మీదే మన కింది కోర్టుల రోజువారీ పని నడుస్తోంది కాబట్టి, మార్పు రావలసింది కూడా అక్కడే.

ఇలాంటి కక్షిదారులు కొద్దిమందే ఉంటారని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. వారిలో వినికిడి లోపం ఉన్నవారే 50 లక్షలకు పైగా ఉన్నారు, మాట లోపం ఉన్నవారు దాదాపు 20 లక్షల మంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారు, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి జ్ఞాపకమూ మాటా తడబడేవారు, మతిమరుపు వ్యాధి తొలి దశలో ఉన్న వృద్ధులు, సర్టిఫికెట్ కోసం ఏ ఆసుపత్రికీ వెళ్ళని గ్రామీణులు ఈ లెక్కల్లో ఎంతమంది చేరి ఉంటారో ఊహించుకోవచ్చు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మనిషికి బుద్ధి చురుగ్గానే ఉండవచ్చు, మాట మాత్రం కొత్తవారికి అర్థం కాకపోవచ్చు. ఆటిజం ఉన్న మనిషి నిజమే చెబుతున్నా ఎదుటివారి కళ్ళలోకి చూడకపోవచ్చు. మేధోపరమైన వైకల్యం ఉన్న మనిషికి తన ఇల్లు ఏదో, దాన్ని ఎవరు లాక్కున్నారో బాగా తెలుసు, తారీఖులు మాత్రం గుర్తుండవు. వీరందరికీ ఆస్తులుంటాయి, పెళ్ళిళ్ళవుతాయి, పిల్లలుంటారు, అప్పులుంటాయి. కాబట్టి వీరందరికీ సివిల్ కోర్టు అవసరమూ ఉంటుంది.

ముందుగా కోర్టు వరండాలో జరిగేదాన్ని చూడండి. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేరును మూడుసార్లు కేకవేసి పిలుస్తాడు. వినికిడి లేని కక్షిదారు అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నా అతనికి ఆ పిలుపు అందదు. ఆ సమయానికి అతని న్యాయవాది మరో కోర్టు హాల్లో ఉంటే, వాది రాలేదన్న కారణంతో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 కింద దావా కొట్టేయవచ్చు. అతను ప్రతివాది అయితే ఎక్స్‌పార్టీగా, అంటే హాజరుకానివాడిగా, ప్రకటించి అతను లేకుండానే కేసు నడపవచ్చు. డిఫాల్ట్ కింద కొట్టేసిన దావాను తిరిగి ఫైలు మీదకు తెచ్చుకోవాలంటే 30 రోజుల్లోగా పిటిషన్ వేయాలి, రాకపోవడానికి తగిన కారణం చూపాలి. అతను అసలు రాకపోవడమంటూ జరగలేదు. వచ్చి, ఆ గుమ్మానికి పది అడుగుల దూరంలోనే కూర్చున్నాడు. కేసు నంబరు చూపే తెర ఒకటి వరండాలో ఉంటే, లేదా ఫలానా కక్షిదారుకు వినపడదు, దగ్గరికి వెళ్ళి పిలవాలి అన్న గుర్తు కేసు కట్ట మీద ఉంటే, ఈ మొత్తం వ్యవహారం పుట్టేదే కాదు.

ఇక సాక్ష్యం సంగతి. 2002 సవరణ తర్వాత ఆర్డర్ 18 రూల్ 4 ప్రకారం చీఫ్ ఎగ్జామినేషన్, అంటే సాక్షి తన పక్షాన చెప్పే మొదటి వాంగ్మూలం, అఫిడవిట్ రూపంలో దాఖలవుతుంది. ఆ అఫిడవిట్‌ను న్యాయవాది ఆఫీసులో తయారు చేస్తాం, చాలాచోట్ల అది ఇంగ్లిషులోనే ఉంటుంది, కక్షిదారుకు చదివి వినిపించి వివరించామని చివర రాస్తాం. వినికిడి లేని మనిషికి చదివి వినిపించాం అన్న వాక్యానికి అర్థమేముంటుంది? అయినా ఆ వాక్యం అలాగే అచ్చవుతుంది, సంతకమో వేలిముద్రో పడుతుంది. ఆ తర్వాత జరిగే క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం వేసే ప్రశ్నల్లో) ఎదుటి న్యాయవాది మొట్టమొదట అడిగేదే అది: మీ అఫిడవిట్‌లో ఏముందో మీకు తెలుసా? తెలియదని తల ఊపితే అఫిడవిట్ మొత్తం విలువ కోల్పోయే ప్రమాదం ఉంది. తెలుసని తల ఊపితే మిగతా క్రాస్ అంతా ఆ ఊపు మీదే నడుస్తుంది.

మన క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. “మీ తండ్రి బతికుండగానే మీ వాటా కింద రావలసిన సొమ్ము మీకు ముట్టలేదని మీరు చెప్పడం నిజం కాదని నేనంటే, మీరేమంటారు?” ఈ ఒక్క ప్రశ్నలో రెండు వ్యతిరేకాలు ఉన్నాయి, ఒక సమయం ఉంది, ఒక ఆరోపణ ఉంది. చదువుకున్న సాక్షులే దీనికి అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియక న్యాయవాది ముఖం వైపు చూస్తారు. మేధోపరమైన వైకల్యం ఉన్న మనిషి ఎదుటివారిని మెప్పించడానికి అవుననవచ్చు. పక్షవాతంతో మాట దెబ్బతిన్న మనిషికి కాదనాలని ఉన్నా నోటికి అవుననే మాట రావచ్చు, ఆ జబ్బు లక్షణమే అది. సంకేత భాషలో ఇలాంటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు చేతులతో చెప్పాలంటే దాన్ని ముందు విడదీయక తప్పదు. ఇదే విషయాన్ని మూడు ప్రశ్నలుగా అడగవచ్చు: మీ నాన్న మీకు డబ్బు ఇచ్చారా? ఎప్పుడు ఇచ్చారు? ఎందుకని ఇచ్చారు? ఇలా అడిగితే ఎదుటి పక్షానికి పోయేదేమీ లేదు, నిజం బయటపడటమే వారికి కావాలంటే ఇంకా మేలు. కానీ ఇలా అడగమని చెప్పే రూలు ఏదీ ఇవాళ సివిల్ కోర్టులో లేదు. న్యాయాధికారికి ఓపికా తీరికా ఉన్న రోజున ప్రశ్న మారుతుంది, లేని రోజున “సాక్షి జవాబు చెప్పకుండా మౌనంగా ఉన్నాడు” అని డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం రాసే పత్రంలో) రికార్డవుతుంది. సాక్షి తీరు గురించి తన అభిప్రాయాన్ని రాసుకొనే అధికారం ఆర్డర్ 18 రూల్ 12 న్యాయాధికారికి ఇచ్చింది. చూపు నిలపని మనిషి, చేతులు నలుపుకొనే మనిషి, ప్రతి ప్రశ్నకూ చాలాసేపు ఆగే మనిషి గురించి ఆ అభిప్రాయం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ తీరు వైకల్యం వల్ల వచ్చిందని చెప్పే నివేదిక ఒకటి కోర్టు ముందు ఉన్నప్పుడే ఆ అభిప్రాయం న్యాయంగా ఉండగలుగుతుంది.

ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో నేను చూసిన విషయం ఇక్కడ చెప్పాలి. తలకు దెబ్బ తగిలిన పిటిషనర్‌కు చెప్పదలచిన మాట తెలుసు, నోటికి రాదు. బోనులో నిలబడి అతను ప్రమాదం జరిగిన తీరును ఎడమచేత్తో గాలిలో గీసి చూపించాడు: రోడ్డు, మలుపు, అటునుంచి వచ్చిన లారీ. భార్య పక్కనుంచి అందుకొని చెప్పబోతే, సాక్షికి నేర్పిస్తున్నారని ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం చట్టం ప్రకారం సరైనదే. అతని చేతిలో ఒక కాగితం, పెన్సిలు పెట్టి, ఆ కాగితాన్ని రికార్డులోకి తీసుకొని ఉంటే సరిపోయేది. ఆ పని చేయించవలసిన మనిషి ఎవరన్నది మన రూల్స్‌లో లేదు కాబట్టి, అది ఎవరికీ తోచలేదు.

చట్టం ఇలాంటి కక్షిదారులను ఇరికిస్తున్న తీరును కాస్త వివరంగా మీ ముందుంచుతాను, ఎందుకంటే సమస్య మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తన కేసులో తాను బోనెక్కి ప్రమాణం చేసి చెప్పని కక్షిదారు మీద ప్రతికూల భావన చేయవచ్చని సుప్రీంకోర్టు 1999లో విద్యాధర్ వర్సెస్ మాణిక్‌రావు కేసులో చెప్పింది. పోనీ తన బదులు జీపీఏ హోల్డర్ (తన తరఫున వ్యవహరించే అధికారం రాతపూర్వకంగా పొందిన మనిషి) చేత చెప్పించుకుందామంటే, కక్షిదారుకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద జీపీఏ హోల్డర్ సాక్ష్యం చెల్లదని 2004 డిసెంబరులో ఇండస్‌ఇండ్ బ్యాంకుకు సంబంధించిన కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. రెండు తీర్పులూ మామూలు కక్షిదారుల విషయంలో సమంజసమైనవే. కానీ చెప్పాలని ఉండి, చెప్పే దారి లేని మనిషికి రెండూ కలిసి రెండు వైపులా తలుపులు మూసేస్తాయి. బోనెక్కితే జవాబు రికార్డుకు ఎక్కదు, ఎక్కకపోతే ఆ మౌనమే అతనికి వ్యతిరేక సాక్ష్యమవుతుంది.

అప్పుడు చాలామంది న్యాయవాదులు చూపే మూడో దారి ఆర్డర్ 32 రూల్ 15. మతిస్థిమితం లేదని తేలినవారికే కాక, మానసిక దుర్బలత వల్ల తమ ప్రయోజనాలను తాము కాపాడుకోలేరని కోర్టు విచారణలో తేలినవారికి కూడా మైనర్ల మాదిరిగానే, వారి తరఫున దావా నడిపే నెక్స్ట్ ఫ్రెండ్‌నో గార్డియన్‌నో పెట్టే ఏర్పాటు అది. నిజంగా ఏమీ గ్రహించలేని స్థితిలో ఉన్నవారికి అది అవసరమే, కాదనను. కానీ కొంత సహాయం ఉంటే తన సంగతి తాను చెప్పగలిగిన మనిషిని కూడా ఆ గాటన కట్టడం వల్ల, ఆ రోజు నుంచి దావా అతనిది కాకుండా పోతుంది. రాజీ చేసుకోవాలా వద్దా, అప్పీలుకు వెళ్ళాలా వద్దా అన్నది ఆ నెక్స్ట్ ఫ్రెండ్ ఆలోచన. కోర్టు అనుమతి కావాలన్న నిబంధన ఉన్నా, ఆ అనుమతి ఇచ్చేటప్పుడు అసలు మనిషిని అడిగి తెలుసుకొనే పద్ధతి మనకు లేదు. ఇలాంటి దావాల్లో ఎక్కువ భాగం కుటుంబ ఆస్తుల చుట్టూ తిరిగేవి కాబట్టి, గార్డియన్‌గా ముందుకొచ్చేది అన్నో, బాబాయో, మరిదో అవుతారు. పంపకాల దావాలో ఆ మనిషి వాటా తగ్గితే లాభపడేది కూడా చాలాసార్లు వారే. పూర్తిగా తానే చెప్పుకోగలిగినవాడు, తన బదులు వేరొకరు చెప్పవలసినవాడు అని మన సివిల్ ప్రక్రియ మనుషులను రెండు రకాలుగానే చూస్తోంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నవారే అసలు ఎక్కువమంది. వారికి కావలసింది తమ మాటను తామే చెప్పుకొనేందుకు తోడ్పడే నిపుణుడు, వారి తరఫున నిర్ణయాలు తీసుకొనే మనిషి కాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ వైకల్యం ఉన్నవారికి జీవితంలోని అన్ని విషయాల్లోనూ ఇతరులతో సమానంగా చట్టబద్ధ సామర్థ్యం ఉందని చెబుతోంది. 14వ సెక్షన్ చెప్పే పరిమిత సంరక్షణ కూడా ఆ మనిషితో సంప్రదించి కలిసి నిర్ణయాలు తీసుకొనే ఏర్పాటే. ఆర్డర్ 32 రూల్ 15ను ఈ సెక్షన్ల వెలుగులో చదవాలని, సహాయం ఇచ్చి చూసిన తర్వాతే గార్డియన్ అవసరమా అన్నది తేల్చాలని ఒక్క వాక్యం రూల్స్‌లో ఉంటే, కింది కోర్టుల్లో ఎన్నో దావాల తీరు మారుతుంది.

ఇంటర్‌ప్రెటర్ విషయానికి వస్తే, ఇవాళ వినికిడి లేని సాక్షి పక్కన నిలబడేది దాదాపుగా ఇంటి మనిషే. క్రిమినల్ కేసే అయినా 2012లో స్టేట్ ఆఫ్ రాజస్థాన్ వర్సెస్ దర్శన్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతులు ఇక్కడా పనికొస్తాయి. ఇంటర్‌ప్రెటర్ సాక్షి పరిసరాలకు చెందినవారైతే మంచిది, కానీ కేసులో అతనికి ఏ ప్రయోజనమూ ఉండకూడదు, అతని చేత కూడా ప్రమాణం చేయించాలి, సంకేతాల అర్థాన్ని రాసి ఊరుకోక సంకేతాలనే రికార్డు చేయాలి. సాక్షి రాయగలిగితే రాయించడం మరింత మేలని కూడా ఆ తీర్పు చెప్పింది. 1969 నాటి ప్రమాణాల చట్టం 4వ సెక్షన్ కూడా ఇంటర్‌ప్రెటర్ చేత ప్రమాణం చేయించాలంటోంది. సివిల్ కోర్టులో ఇవన్నీ పాటించిన డిపోజిషన్ చూడటం అరుదు. “సాక్షి సోదరుడి సహాయంతో” అని ఒక ముక్క రాసి, మిగతా అంతా సాక్షే నోటితో చెప్పినట్టు రికార్డు చేస్తారు. సంకేతం ఏమిటో, దాన్ని సోదరుడు ఏమని చెప్పాడో, అది ఇంగ్లిషులోకి ఏమని వెళ్ళిందో అప్పీలు కోర్టుకు తెలిసే అవకాశమే ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రామాల్లో పెరిగి, బధిరుల పాఠశాల ముఖం చూడని చాలామందికి భారతీయ సంకేత భాష రాదు. ఇంట్లో వాళ్ళతో వాడుకొనే సైగలే వారి భాష. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చినా మొదటి రోజు ఆ సైగలు అర్థం కావు. అలాంటప్పుడు బధిరుడైన ఒక సహాయకుడు సాక్షి సైగలను భారతీయ సంకేత భాషలోకి, దాన్ని ఇంటర్‌ప్రెటర్ తెలుగులోకి మార్చే జంట పద్ధతి కావాలి. సాక్ష్యానికి ముందే ఇంటర్‌ప్రెటర్ సాక్షితో కొంతసేపు, కేసు విషయాలు తప్ప మిగతా సంగతులు మాట్లాడుకొనే అవకాశం ఇవ్వాలి. ఇంటి మనిషి సహాయం తప్పనిసరైతే అది ఈ పరిచయం వరకే పరిమితం కావాలి, సాక్ష్యం రోజున మాత్రం అతను బయట కూర్చోవాలి.

ఈ సహాయం అందించడానికి కావలసిన చట్టం ఇప్పటికే ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 125వ సెక్షన్ ప్రకారం, మాటతో చెప్పలేని సాక్షి వాంగ్మూలాన్ని నమోదు చేసేటప్పుడు కోర్టు ఇంటర్‌ప్రెటర్ లేదా ప్రత్యేక విద్యా నిపుణుల సహాయం తీసుకొని తీరాలి, దాన్ని వీడియో తీయాలి. పాత సాక్ష్య చట్టంలో 119వ సెక్షన్‌కు 2013లో వచ్చిన సవరణే ఇది. ఈ చట్టం సివిల్, క్రిమినల్ కోర్టులు రెండింటికీ వర్తిస్తుంది. సివిల్ కోర్టులో వీడియో తీసే పరికరం ఎవరు సమకూర్చాలి, ఆ ఫైలు ఎక్కడ భద్రపరచాలి, కాపీ ఎవరికివ్వాలి అన్నవి రూల్స్‌లో లేనందువల్ల, తప్పనిసరి అని చట్టం చెప్పిన పని కూడా ఆగిపోతోంది. దివ్యాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసి, వైకల్యం ఉన్నవారు తాము కోరుకున్న భాషలో, తమకు వీలైన పద్ధతిలో ఇచ్చే సాక్ష్యాన్నీ వాదననూ అభిప్రాయాన్నీ నమోదు చేసేందుకు కావలసిన సౌకర్యాలూ పరికరాలూ సమకూర్చే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. అక్కడ సాక్ష్యం ఒక్కటే కాదు, వాదన అనే మాట కూడా ఉందని గమనించండి. సాక్షిగా బోనెక్కిన గంటసేపే కాక, దావా నడిచిన అన్నాళ్ళూ కక్షిదారుకు కోర్టులో ఏం జరుగుతోందో తెలియాలి. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం కూడా న్యాయప్రక్రియలో తగిన మార్పులు చేసి మరీ న్యాయాన్ని అందుబాటులో ఉంచాలంటోంది.

క్రిమినల్ కోర్టుల్లో ఈ దిశగా కొంత పని జరిగింది. 2017లో బండూ కేసులో సుప్రీంకోర్టు బలహీన సాక్షుల వాంగ్మూల కేంద్రాలను ఏర్పాటు చేయమంది. 2022 జనవరిలో స్మృతి తుకారాం బడాదే కేసులో బలహీన సాక్షి నిర్వచనాన్ని విస్తరించి, మానసిక అనారోగ్యం ఉన్నవారినీ, మాట, వినికిడి లోపం సహా ఏ వైకల్యం ఉన్నవారినైనా అందులో చేర్చింది, కోర్టు బలహీనమని భావించిన ఏ సాక్షినైనా చేర్చే వీలు కూడా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన పటాన్ జమాల్ వలీ కేసులో, చూపులేని యువతి సాక్ష్యాన్ని పరిశీలిస్తూ, వైకల్యం ఉన్న మనిషి లోకంతో వేరే విధంగా వ్యవహరిస్తుందన్న కారణంతో ఆమె సాక్ష్యాన్ని తక్కువగా చూడరాదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో వినికిడి లేని న్యాయవాది సారా సన్నీ సంకేత భాష ఇంటర్‌ప్రెటర్ ద్వారా అదే కోర్టు ముందు ఆన్‌లైన్‌లో హాజరయ్యారు. దేశ అత్యున్నత న్యాయస్థానంలో సాధ్యమైనది జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో అసాధ్యం కాకూడదు. ఇవన్నీ ఆనందించదగ్గవే. అయితే ఇల్లు పోవడం, బిడ్డ కస్టడీ పోవడం, భరణం రాకపోవడం, తాతల నాటి పొలంలో వాటా పోవడం తేలిక విషయాలు కావు. ఒకసారి డిక్రీ అయి అప్పీలు గడువు దాటితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ అదే వివాదాన్ని మళ్ళీ తెరవనివ్వదు. నోరు లేని మనిషికి వ్యతిరేకంగా వచ్చిన డిక్రీ కూడా అంతే గట్టిది.

ఇతర దేశాల అనుభవాన్ని క్లుప్తంగా ప్రస్తావిస్తాను. ఇంగ్లండులో సాక్షికీ కోర్టుకూ మధ్య మాట అందించే ఇంటర్మీడియరీ అనే నిపుణుల వ్యవస్థకు 1999 నాటి చట్టం క్రిమినల్ కోర్టుల్లో పునాది వేసింది. ఆ ఇంటర్మీడియరీ ఎవరి పక్షమూ కాదు, కోర్టుకే జవాబుదారీ. సాక్షిని ముందుగా పరిశీలించి, ఏ రకం ప్రశ్నలు అర్థమవుతాయి, ఎంతసేపటికి విరామం కావాలి, బొమ్మలు గానీ వస్తువులు గానీ అవసరమా అని నివేదిక ఇస్తారు. సాక్ష్యానికి ముందే న్యాయమూర్తి, రెండు పక్షాల న్యాయవాదులు కూర్చుని ఆ నివేదిక మీద చర్చించి ప్రశ్నలకు హద్దులు నిర్ణయించుకుంటారు. సివిల్ కేసుల్లో మాత్రం అక్కడ కూడా చాలాకాలం ఇలాంటి రూలు లేదు. సివిల్ జస్టిస్ కౌన్సిల్ 2020లో ఇచ్చిన నివేదిక తర్వాత, 2021 ఏప్రిల్‌లో సివిల్ రూల్స్ మౌలిక లక్ష్యంలోనే కక్షిదారులు విచారణలో పూర్తిగా పాల్గొనగలగాలన్న మాట చేర్చి, బలహీన స్థితిలో ఉన్నవారి గురించి ప్రత్యేక ఆదేశాలు జారీ చేశారు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవాలని నేను అనడం లేదు. సివిల్ పక్షానికి విడిగా రూలు రాస్తేనే పని జరుగుతుందన్నదే దాన్నుంచి నేర్చుకోవలసింది.

మన రూల్స్‌లో ఏముండాలన్నదాని మీద నా ఆలోచన ఇది. ప్లెయింటు (వాది దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు) దాఖలు చేసేటప్పుడే, ఈ కక్షిదారుకు విషయం అందుకోవడంలో గానీ చెప్పడంలో గానీ సహాయం కావాలా అన్న ప్రశ్నకు న్యాయవాది జవాబు రాసి తీరాలి. ఎదుటి కక్షిదారు విషయంలో అలాంటి సంగతి తెలిసినా చెప్పాలి. సమన్లలో కూడా అదే ప్రశ్న తేలిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. దీని కోసం సర్టిఫికెట్ తప్పనిసరి చేయవద్దు, ఎందుకంటే వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపులో వాయిదా దొరికేలోపు కోర్టు వాయిదాలు దాటిపోతాయి. కోర్టుకే అనుమానం కలిగితే ఆర్డర్ 10 కింద కక్షిదారులను మొదటిసారి విచారించే దశలోనే ఆ సంగతి తేల్చుకోవచ్చు. అవసరమని తేలితే, ఇష్యూలు (కోర్టు తేల్చవలసిన వివాదాంశాలు) ఖరారయ్యాక, సాక్ష్యం మొదలయ్యేలోపు, ఒక వాయిదాను పూర్తిగా దీనికే కేటాయించి, సహాయకుడు ఎవరు, ప్రశ్నలు ఎలా ఉండాలి, సాక్ష్యం ఏ వేళలో తీసుకోవాలి, బోనులోనా, చాంబర్‌లోనా, లేక ఆర్డర్ 26 కింద కమిషనర్ ద్వారా ఇంటి దగ్గరా అన్నది రాతపూర్వక ఉత్తర్వుగా ఇవ్వాలి. ఆ ఉత్తర్వును అతిక్రమించే ప్రశ్నను న్యాయాధికారి తనంతట తానే ఆపాలి. అభ్యంతరం చెప్పే బాధ్యతను ఆ కక్షిదారు న్యాయవాది మీద వేస్తే, సాక్షిని కాపాడుతున్నాడన్న నింద అతని మీద పడుతుంది.

సహాయకుడి ఖర్చును కక్షిదారు మీద గానీ, కేసు ఖర్చుల్లో ఓడిన పక్షం మీద గానీ వేయవద్దు. సాక్షి బత్తా లాగా ముందుగా కోర్టులో జమ చేయించే పద్ధతి వస్తే రూల్సే పేదవారికి అడ్డుగోడలవుతాయి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. న్యాయవాదిని ఇచ్చినట్టే ఇంటర్‌ప్రెటర్‌నూ ఇవ్వడానికి జిల్లా సంస్థల దగ్గర ఒక జాబితా, ఒక ఫీజు పట్టిక ఉంటే చాలు.

నిపుణులు ఎక్కడున్నారన్నది న్యాయమైన ప్రశ్నే. వారి సంఖ్య తక్కువన్నది నిజం. అయినా మేధోపరమైన వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ సికింద్రాబాద్‌లోనే ఉంది, వినికిడి లోపం మీద పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది, రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన డిప్లొమా పొందిన ఇంటర్‌ప్రెటర్లు అక్కడి నుంచి వస్తున్నారు. ప్రత్యేక పాఠశాలల ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు జిల్లాల్లో ఉన్నారు. వారికి కోర్టు పద్ధతుల మీద శిక్షణ ఇచ్చే పనిని రాష్ట్ర జుడీషియల్ అకాడమీలు చేపట్టవచ్చు, అదే తరగతిలో న్యాయాధికారులనూ న్యాయవాదులనూ కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది. దూర జిల్లాల కోర్టులకు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా ఇంటర్‌ప్రెటర్ అందుబాటులో ఉండేలా చూడవచ్చు. 2023లో కేంద్ర మంత్రివర్గం ఈ-కోర్టుల మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది కాబట్టి, పరికరాలకు నిధుల్లేవన్న మాట చెల్లదు. సంకేతాలు స్పష్టంగా కనిపించే కెమెరా, తగినంత వెలుతురు, తెగిపోని కనెక్షన్ ఉండాలి, అంతే.

దీనివల్ల కేసులు ఆలస్యమవుతాయని, సాక్షికి ఎక్కువ వెసులుబాటు ఇస్తే ఎదుటివారికి అన్యాయమని తోటి న్యాయవాదులు కొందరు అంటారు. సాక్షి జవాబు అర్థంకాక వాయిదాలు పడటం, ఎక్స్‌పార్టీ ఉత్తర్వులు రద్దు చేయించుకోవడం, గార్డియన్ మీద గొడవలతో మధ్యంతర పిటిషన్లు దాఖలవడం ఇప్పుడు ఎంత ఆలస్యం చేస్తున్నాయో వారికీ తెలుసు. ఇక ఎదుటి పక్షం సంగతి: క్రాస్ చేసే హక్కును తగ్గించమని నేను కోరడం లేదు. ప్రమాణం చేసిన తటస్థ సహాయకుడు, వీడియో రికార్డు ఉంటే ఎదుటి పక్షానికే రక్షణ ఎక్కువ, ఎందుకంటే నేర్పించి చెప్పించారన్న అనుమానానికి అప్పుడు తావుండదు, తప్పుగా అనువదించారనుకుంటే ఆ వీడియో చూపించి అడగవచ్చు.

రూల్స్ మార్చడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ ప్రకారం ముందస్తు ప్రచురణ, 126వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలి, అందుకు సమయం పడుతుంది. ఈలోగా ఒక సర్క్యులర్ ద్వారా కింది కోర్టులకు కొన్ని సంగతులైనా చెప్పవచ్చు: సాక్ష్య అధినియమ్ 125వ సెక్షన్‌ను సివిల్ కేసుల్లోనూ పాటించాలని, కేసులో ప్రయోజనం ఉన్న బంధువును ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టవద్దని, వినికిడి లేని కక్షిదారును దగ్గరికి వెళ్ళి పిలవాలని, సివిల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద ఉన్న సహజాధికారాలను ప్రశ్నల తీరు మార్చడానికి వాడుకోవచ్చని.

ముసాయిదా రాసే కమిటీలో బధిరులు, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి తల్లిదండ్రులు, వీలైతే ఆ వైకల్యం ఉన్నవారే సభ్యులుగా ఉండాలని కోరుతున్నాను. ప్రచురణ గెజిట్‌లో ఇంగ్లిషు ముసాయిదాకే పరిమితమైతే, ఈ రూల్స్ ఎవరి కోసమో వారికి అది చేరదు. తేలిక తెలుగులో ఒక ప్రతిని, భారతీయ సంకేత భాషలో ఒక వీడియోను రెండు హైకోర్టుల వెబ్‌సైట్లలో ఉంచండి. అభ్యంతరాలు, సూచనలు కాగితం మీదే కాకుండా సంకేత భాష వీడియోల రూపంలోనూ స్వీకరించి, వాటిని ఇంటర్‌ప్రెటర్ చేత రాయించి కమిటీ ముందు పెట్టించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సివిల్ న్యాయవాది